పరిమితులకు లోబడే: పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో నిజాలతో నడిచిన మోసం

హైదరాబాద్ నుంచి ముంబయి వైపు సాగే జాతీయ రహదారి మీద రామచంద్రాపురం దాటాక పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారంల మీదుగానూ, ఈశాన్యాన బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం గ్రామాల వరకూ పరుచుకున్న పారిశ్రామిక ప్రాంతపు గతాన్ని కాలుష్యం కథగా రాయడం పరిపాటి. వాగు రంగు మారడం, వరి మాడిపోవడం, పశువులు చావడం, ఏళ్ల తరబడి కేసులు నడవడం ఆ కథలో తప్పకుండా ఉంటాయి. కానీ ఆ ప్రాంతం గురించి నాలుగు దశాబ్దాలుగా చెప్పిన మాటలను, అంటే ఎవరు దేన్ని కొలిచారు, ఎక్కడ కొలిచారు, ఏ ప్రమాణంలో చెప్పారు అన్నదాన్ని పరిశీలిస్తే, అక్కడి ప్రజలను ఏమార్చడంలో పచ్చి అబద్ధాల కంటే నిజాలే ఎక్కువ పని చేశాయని తేలుతుంది. అబద్ధాలు లేవని కాదు. రాత్రివేళ ట్యాంకర్లలో తెచ్చి వాగుల్లో, చెరువుల్లో పారబోసిన ఉదంతాలు పత్రికలకెక్కుతూనే వచ్చాయి. అయితే పారబోసినవాడు దొరికితే శిక్షించడానికి చట్టం ఉంది. దేన్నీ పారబోయకుండా, ఏ అంకెనూ మార్చకుండా, ఉన్నదున్నట్టు చెబుతూనే వినేవాడికి లేని భరోసా కలిగించే మాటను పట్టుకోవడానికి చట్టం దగ్గర అంత పదునైన పనిముట్టు లేదు.

ఇటువంటి మాట తెలుగువారికి కొత్తది కాదు. ద్రోణపర్వంలో ధర్మరాజు పలికిన వాక్యంలో అక్షరం కూడా అసత్యం లేదు. ఏనుగు నిజంగానే చచ్చింది. అయినా దాన్ని విని గురువు ఆయుధం వదిలాడు కాబట్టి, ఆ పాపం ధర్మరాజు ఖాతాలోనే పడింది. ఆధునిక చట్టం ఆ విషయంలో పురాణం కంటే మెతకగా ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ఒక వాస్తవాన్ని పనిగట్టుకొని దాచడాన్ని మోసంగానే పరిగణిస్తుంది కానీ, ఊరికే మౌనంగా ఉండటం మోసం కాదని, మాట్లాడవలసిన బాధ్యత ఉన్నప్పుడు లేదా మౌనమే మాటతో సమానమైనప్పుడు మాత్రమే అది మోసమవుతుందని వివరణ ఇస్తుంది. ఆ బాధ్యత ఎవరిది, అది ఎంతవరకు అన్న ప్రశ్న చుట్టూనే పటాన్‌చెరు వివాదమంతా తిరిగింది.

ఈ ప్రాంతం ఇలా తయారవడానికి మూడు కారణాలు కలిసివచ్చాయి. 1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్, సోవియట్ యూనియన్ సాయంతో బాలానగర్‌లో కృత్రిమ ఔషధాల కర్మాగారాన్ని నిర్మించి, మందుల రసాయనశాస్త్రం తెలిసిన ఒక తరాన్ని తయారుచేసింది. 1970 పేటెంట్ల చట్టం 1972లో అమల్లోకి వచ్చి, మందు మీద కాక దాన్ని తయారుచేసే పద్ధతి మీద మాత్రమే పేటెంటు ఉండేలా చేయడంతో, వేరే పద్ధతిలో అదే మందును చేసుకునే వీలు కలిగి, ఐడీపీఎల్‌లో పని నేర్చినవారు సొంత కంపెనీలు పెట్టడం మొదలైంది. 1973లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ, అంటే ఏపీఐఐసీ, వెనుకబడిన జిల్లాగా రాయితీలకు అర్హమైన మెదక్‌లో రాజధానికి కూతవేటు దూరాన స్థలాలు చూపింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ లోక్‌సభ స్థానం నుంచి ఎన్నికై 1984 వరకూ ప్రాతినిధ్యం వహించడం కూడా ఆ జిల్లాపై పెట్టుబడుల చూపు నిలవడానికి తోడ్పడింది. అలా వచ్చినవాటిలో ఎక్కువ బల్క్ డ్రగ్ యూనిట్లు. బల్క్ డ్రగ్ అంటే మాత్రగా, ఇంజెక్షన్‌గా మారకముందు పొడి రూపంలో ఉండే అసలు మందు. దాని తయారీలో ద్రావకాలు, ఆమ్లాలు, లవణాలు ఉత్పత్తి పరిమాణానికి ఎన్నో రెట్లు వాడి వదిలేయవలసి వస్తుంది. ఆ వదిలేసినది ఇసుకవాగు, పాములవాగుల వంటి చిన్న పాయల గుండా నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి చేరేది.

1974లో నీటి కాలుష్య నివారణ చట్టం వచ్చింది. 1976లో రాష్ట్రంలో కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది. అంటే ఈ ఫ్యాక్టరీలలో చాలావాటికంటే ముందే చట్టమూ ఉంది, కాపలాదారూ ఉన్నాడు. చట్టంలోని 21వ సెక్షన్ నమూనా ఎలా తీయాలో చెబుతుంది: యజమానికి గానీ అతని ప్రతినిధికి గానీ అక్కడికక్కడే నోటీసు ఇచ్చి, అతను ఉండగా నీటిని రెండు భాగాలుగా తీసి, సీలు వేసి, సంతకాలు చేసి, గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపాలి; ఈ పద్ధతి తప్పితే ఫలితం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. ఫ్యాక్టరీని అన్యాయపు కేసుల నుంచి కాపాడే నియమంగా ఇది సబబే. కానీ దీనివల్ల ఊరివాళ్లు సీసాలో పట్టి తెచ్చిన నురగ నీళ్లు సాక్ష్యం కాకుండా పోయాయి. సాక్ష్యంగా నిలిచే నమూనా తీసే అధికారం ఉన్నవాళ్లు ఆ నురగ పారే రాత్రి అక్కడ ఉండరు. ఆ తర్వాత ఫలానా కంపెనీ మీద ఉల్లంఘన రుజువు కాలేదని ఎవరైనా అంటే, ఆ మాటలో అబద్ధం ఉండదు.

రైతులు మాత్రం కాగితం కోసం ఆగలేదు. 1980ల మధ్య నుంచి నక్కవాగు పరీవాహక గ్రామాల రైతులు రోడ్డెక్కారు. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ తన దగ్గరికి వచ్చే రోగుల జబ్బులకూ, వాళ్ల బావులకూ సంబంధం ఉందని గుర్తించిన డాక్టర్ ఎ. కిషన్‌రావు ఆ ఉద్యమానికి ముఖ్యుడయ్యాడు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే సంస్థ సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. కోర్టు సంగారెడ్డిలోని జిల్లా జడ్జి ద్వారా పంటనష్టాలను విచారింపజేసి, 1996లో రైతులకు పరిహారం చెల్లించవలసిందిగా ఆదేశించింది. గ్రామాలకు మంచినీటి సరఫరా కూడా కోర్టు ఆదేశాల వల్లనే కదిలింది. 2001లో కేసు రాష్ట్ర హైకోర్టుకు, అటు తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. మంచినీళ్లు రావడం పెద్ద ఉపశమనమే. అయితే బాధిత గ్రామాలకు రక్షిత నీరు అందుతోందన్న వాక్యం మనిషి దాహం గురించి మాత్రమే చెబుతుంది. గేదెకు ట్యాంకర్ రాదు, మడికి పైపు రాదు, అవి రెండూ వాగు మీదే బతకాలి.

1994లో పటాన్‌చెరు ఎన్విరో టెక్ లిమిటెడ్, అందరూ పీఈటీఎల్ అని పిలిచే ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం పని మొదలుపెట్టింది. విడివిడిగా శుద్ధి చేసుకునే స్తోమత లేని చిన్న, మధ్యతరహా యూనిట్లు తమ వ్యర్థజలాన్ని ట్యాంకర్లలో అక్కడికి పంపితే, అది అన్నిటినీ కలిపి శుద్ధి చేసి వదులుతుంది. ఆలోచనగా ఇది మంచిదే, ప్రపంచమంతటా ఉన్నదే. కానీ భాష పరంగా అది ఒక ముఖ్యమైన మార్పు తెచ్చింది. అప్పటి నుంచి పంపిన కంపెనీ మేము వాగులోకి చుక్క కూడా వదలడం లేదని నిజాయితీగా చెప్పగలిగింది; కేంద్రం మా దగ్గరికి వచ్చినదాన్ని శుద్ధి చేసే వదులుతున్నామని అంతే నిజాయితీగా చెప్పగలిగింది; మండలి కంపెనీలన్నీ శుద్ధి కేంద్రంలో సభ్యులేనని నివేదించగలిగింది. మూడు నిజాల మధ్య వాగుకు జవాబుదారీ ఎవరన్న ప్రశ్న జారిపోయింది.

ఇక అసలు చిక్కు శుద్ధి అన్న మాటకు కొలత ఏమిటన్న దగ్గర ఉంది. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చిన నియమాలు వ్యర్థజలాన్ని ప్రధానంగా కొన్ని సాధారణ సూచికలతో కొలుస్తాయి. వాటిలో మొదటిది బీఓడీ, అంటే నీటిలోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు తినడానికి నిర్ణీత రోజుల్లో ఎంత ప్రాణవాయువు ఖర్చు చేస్తాయో చెప్పే అంకె. ఉపరితల జలాల్లోకి వదిలేటప్పుడు అది లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడదు. రెండవది సీఓడీ, అంటే అదే పనిని సూక్ష్మజీవుల బదులు ఘాటైన రసాయనంతో చేయించి కొలిచే అంకె. దాని పరిమితి 250. ఈ రెండూ మురుగునీటికి, చక్కెర మిల్లుకు, కాగితం మిల్లుకు చక్కగా సరిపోతాయి. బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చేసరికి బీఓడీ పరీక్ష ఒక విచిత్రమైన ఇరకాటంలో పడుతుంది. ఆ పరీక్ష చేసేది సూక్ష్మజీవులు. ఆ నీటిలో ఉన్నది సూక్ష్మజీవులను చంపడానికి తయారుచేసిన మందు. సీసాలో వేసిన జీవులు చచ్చినా, మందగించినా ప్రాణవాయువు ఖర్చు తగ్గుతుంది, అంకె తగ్గుతుంది, నీరు ఎంత విషమో అంత శుభ్రంగా కనిపించే ప్రమాదం ఏర్పడుతుంది. విశ్లేషకుడు తప్పు చేయలేదు, అంకె దిద్దలేదు; సీసాలో జరిగినదాన్నే రాశాడు. విషపదార్థాలు ఈ పరీక్షను పాడుచేస్తాయని ప్రయోగశాలల్లో పని చేసేవారందరికీ తెలుసు, అందుకు జాగ్రత్తలూ ఉన్నాయి. కానీ నివేదిక చదివే సర్పంచికి ఆ సంగతి ఎవరూ చెప్పరు. అలాగే నియమాల్లో చేప పరీక్ష కూడా ఉంది: నీళ్లు కలపని వ్యర్థజలంలో 96 గంటల తర్వాత 90 శాతం చేపలు బతికి ఉండాలి. చేపను చంపని యాంటీబయాటిక్‌కు ఈ పరీక్ష అడ్డు కాదు.

ఈ సూచికల పట్టికలో మందు పేరు ఎక్కడా లేదు. పట్టికలో లేనిదాన్ని ఎవరూ వెతకలేదు, వెతకనిది కనబడలేదు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్, ఆయన సహచరులు 2007లో ప్రచురించిన పరిశోధన మొదటిసారిగా ఆ వెతుకులాట చేసింది. సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాన్ని రోజుకు దాదాపు 1,500 ఘనపు మీటర్ల చొప్పున శుద్ధి చేసే పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో వారు 59 మందుల కోసం చూస్తే, వాటిలో 11 లీటరుకు 100 మైక్రోగ్రాములకు మించి ఉన్నాయి. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకూ ఉంది. అది కొన్ని బ్యాక్టీరియాలకు హానికరమైన స్థాయికి వెయ్యి రెట్ల కంటే ఎక్కువ, మందు మింగిన రోగి రక్తంలో ఉండే స్థాయి కంటే కూడా ఎక్కువ. రోజుకు సుమారు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ అలా బయటికి పోతోందని, 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ ఐదు రోజుల్లో వాడే మందుకు అది సమానమని వారు లెక్కగట్టారు. ఆ సందర్భంలో సాధారణ సూచికలు కూడా పరిమితుల్లో లేవన్నది నిజమే. కానీ అవి ఉన్నా ఈ 45 కిలోల సంగతి చెప్పి ఉండేవి కావు. 2009లో వెలువడిన రెండవ పరిశోధన రెండు చెరువుల్లో సిప్రోఫ్లాక్సాసిన్‌ను లీటరుకు 6.5 మిల్లీగ్రాముల వరకూ కనుగొంది. ఆరు గ్రామాల్లో పరీక్షించిన బావులన్నిటిలోనూ మందుల ఆనవాళ్లు ఉన్నాయి. అదే ఏడాది అచ్చయిన మరో పరిశోధనలో ఈ వ్యర్థజలాన్ని కేవలం 0.2 శాతం కలిపిన నీటిలో పెరిగిన కప్పపిల్లల ఎదుగుదల 40 శాతం తగ్గింది. వాగు అడుగు మట్టిలో, 2014లో కాజీపల్లి చెరువులో, మందులకు లొంగని బ్యాక్టీరియా జన్యువులు అసాధారణంగా పేరుకుపోయినట్టు తర్వాతి అధ్యయనాలు చూపాయి.

ఇక్కడ పరిశ్రమ పక్షాన ఒక న్యాయమైన మాట చెప్పాలి. సూచికల పట్టిక తయారైన 1980ల్లో నీటిలో మైక్రోగ్రాముల మోతాదులో మందును గుర్తించే పరికరాలు ప్రయోగశాలల్లో మామూలు విషయం కాదు. ఎవరో కుట్రపన్ని యాంటీబయాటిక్ వరుసను చెరిపేశారనడానికి ఆధారం లేదు. కానీ అది తెలిసిన తర్వాత కూడా పాత పట్టికనే చూపి భరోసా ఇవ్వడం వేరే విషయం. 2017లో టాడ్ రోజర్స్, ఆయన సహచరులు ప్రచురించిన మనస్తత్వశాస్త్ర పరిశోధన ఈ తేడాను బాగా పట్టుకుంది: నిజమైన వాక్యాలతో ఎదుటివారిని పొరబాటు అభిప్రాయంలోకి నడిపించేవారు తాము చేసింది అబద్ధం కంటే నయమని నమ్ముతారు, ఆ సంగతి తర్వాత తెలుసుకున్నవారు మాత్రం దాన్ని దాదాపు అబద్ధంతో సమానంగానే చూస్తారు.

పరిశోధనల వార్తలు ప్రపంచ పత్రికలకెక్కిన 2009 ప్రాంతంలోనే పటాన్‌చెరు నుంచి హైదరాబాద్ తూర్పున అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రం వరకూ పైపులైను వాడకంలోకి వచ్చింది. ఉమ్మడి కేంద్రం నుంచి వెలువడే నీరు ఆనాటి నుంచి నక్కవాగుకు బదులు ఆ పైపులోకి పోతోంది. శుద్ధి కేంద్రం నీరు నక్కవాగులో కలవడం లేదన్న ప్రకటన ఆ రోజు నుంచి నిజమైంది, వాగు ఒడ్డు రైతులకు దానివల్ల మేలూ జరిగింది. అయితే నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయి. అంబర్‌పేట నీరు మూసీలో, మూసీ కృష్ణలో కలుస్తాయి. అంటే కాలుష్యం ఒక నదీ పరీవాహకాన్ని వదిలి మరో పరీవాహకానికి కాపురం మార్చింది. పైగా అంబర్‌పేట కేంద్రం రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేసే సామర్థ్యం గలది. పటాన్‌చెరు నుంచి వచ్చేది 15 లక్షల లీటర్లనుకుంటే అందులో అర శాతం కూడా కాదు. లీటరుకు 31 మిల్లీగ్రాములున్న మందు అంత నీటిలో కలిస్తే, ఏ శుద్ధీ జరగకపోయినా, లీటరుకు సుమారు 0.14 మిల్లీగ్రామై కనిపిస్తుంది. పరిమితులన్నీ లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అన్న రూపంలో ఉన్నంతకాలం పలచన చేయడమే శుద్ధిగా చలామణీ అవుతుంది. రోజుకు ఎన్ని కిలోలు అని అడిగితే మాత్రం 45 కిలోలు 45 కిలోలుగానే మిగులుతాయి.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009 డిసెంబరులో దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు సమగ్ర పర్యావరణ కాలుష్య సూచీ ప్రకటించి, 70 దాటినవాటిని అత్యంత కలుషిత ప్రాంతాలుగా గుర్తించింది. పటాన్‌చెరు బొల్లారానికి వచ్చింది 70.07. ఆ ఏడు వందో వంతుల వల్లే 2010 జనవరిలో కొత్త ప్రాజెక్టుల అనుమతులపై పడిన నిషేధం దీనికీ వర్తించింది.

తర్వాతి దశాబ్దపు మాట జీరో లిక్విడ్ డిశ్చార్జి. ద్రవరూపంలో ఏదీ బయటికి వదలకపోవడం అని దాని అర్థం. లవణాలు ఎక్కువగా ఉన్న వ్యర్థజలం నుంచి మొదట ద్రావకాలను వేరుచేసి, మిగిలినదాన్ని ఆవిరి యంత్రాల్లో మరిగించి, చివరికి పొడిగా ఆరబెట్టి, ఆ నీటి ఆవిరిని చల్లార్చి తిరిగి వాడుకుంటారు. ఇది నిజమైన ముందడుగు. సరిగ్గా నడిస్తే వాగుకు, చెరువుకు ఇంతకంటే మేలు చేసే పద్ధతి లేదు. కానీ బోర్డు మీద రాసుకునే ఆ సున్నా ద్రవానికి మాత్రమే చెందుతుంది. పొడి లవణాలు దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ కేంద్రానికి లారీల్లో వెళతాయి, మరిగించడానికి బొగ్గో మరొకటో కాలుతుంది, ద్రావకాల ఆవిర్లలో కొంత గాలిలో కలుస్తుంది. గడ్డపోతారం, బొల్లారం చుట్టుపక్కల కాలనీలవారు రాత్రిళ్లు వచ్చే ఘాటు వాసన గురించి ఫిర్యాదు చేస్తే, కంపెనీ జీరో లిక్విడ్ డిశ్చార్జి యూనిట్ అని జవాబు రావచ్చు. అది వాసన గురించిన జవాబు కాదు.

అనుమతుల ప్రక్రియలోనూ ఇలాంటి నిజాలు కుదురుకున్నాయి. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్, ఆమోదం పొందిన పారిశ్రామిక వాడల లోపల వచ్చే ప్రాజెక్టులను ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయించింది. దశాబ్దాల కిందట ఏపీఐఐసీ గీసిన ప్రహరీ లోపల కొత్త రియాక్టర్ వస్తే ఊరివారిని అడగనక్కరలేదు; ప్రజల నుంచి అభ్యంతరాలు అందలేదని దస్త్రంలో ఉంటే అదీ వాస్తవమే, అడగనివారి నుంచి అభ్యంతరం ఎలా అందుతుంది? విస్తరణకు అనుమతి కోరేటప్పుడు ఉత్పత్తుల జాబితా మారినా కాలుష్య భారం పెరగదని చెప్పే ఆనవాయితీ కూడా ఇటువంటిదే: ఆ భారాన్ని లెక్కించేది సీఓడీలో, కరిగిన లవణాల్లో. నొప్పి మాత్ర స్థానంలో యాంటీబయాటిక్ తయారుచేసినా ఆ లెక్కలో తేడా రాకపోవచ్చు, చెరువులోని బ్యాక్టీరియాకు మాత్రం వస్తుంది.

పట్టికలో మందు పేరు చేర్చే ప్రయత్నం ఒకసారి జరిగింది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ విడుదల చేసిన ముసాయిదాలో, బల్క్ డ్రగ్ పరిశ్రమల వ్యర్థజలంలో 121 యాంటీబయాటిక్‌లకు విడివిడిగా పరిమితులు ప్రతిపాదించారు. అది అమలైతే ఆ తరహా చట్టబద్ధ పరిమితి పెట్టిన మొదటి దేశాల్లో భారత్ ఒకటయ్యేది. 2021 ఆగస్టులో వెలువడిన తుది నిబంధనల్లో ఆ 121 పేర్లు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్‌ల తయారీ వ్యర్థాలపై మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది, కొన్ని ఎగుమతి కంపెనీలు విదేశీ కొనుగోలుదారుల కోసం స్వచ్ఛందంగా ఆ కొలతలు తీయించుకుంటున్నాయి. చట్టం ప్రకారం పటాన్‌చెరులో, బొల్లారంలో తీసే నమూనాకు మాత్రం నేటికీ యాంటీబయాటిక్ పరిమితి ఏదీ లేదు, కాబట్టి దాన్ని మించిన కంపెనీ కూడా ఏదీ లేదు.